ఆటపిండిలో ఉప్పెంత, అమ్మ చేయి ఎంత

ప్రశ్న: మా పెద్దవాడికి నాలుగేళ్ళు, చిన్నదానికి ఏడాదిన్నర. కొన్న ఆటపిండిలో ఏమేం కలుపుతారో అన్న బెంగతో ఇంట్లోనే చేద్దామని మైదాలో చన్నీళ్ళు, కొద్దిగా నూనె, రంగు పోసి కలిపాను. చిన్నది ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటుంది కాబట్టి ఉప్పు రెండు చిటికెలకు మించి వేయలేదు. మొదటిరోజే అది చేతులకు బంకలా అంటుకుంది, అయిదో రోజుకు పుల్లని వాసన వచ్చి బూజు పట్టింది. ఇక ఆట సంగతి చూస్తే, పెద్దవాడు ముద్దను తాను ముట్టకుండా "నువ్వే ఏనుగు చెయ్యి" అని నా చేతిలో పెడతాడు. నేను చేసి ఇస్తే కాసేపు చూసి నలిపేస్తాడు. రంగులన్నీ కలిపేసి మట్టిరంగు చేస్తాడు. చివరికి నేలంతా, జుట్టంతా పిండే. ఇంత శ్రమ అవసరమా, కొన్నదే ఇస్తే పోదా? అవసరమే అయితే సరిగా చేయటం ఎలాగో, చిన్నదానికి ఇవ్వవచ్చో లేదో చెప్పగలరు.
– ఇద్దరు పిల్లల తల్లి

సమాధానం: మీ ఉత్తరంలో నాలుగైదు ప్రశ్నలు ఉన్నా, పిండి పాడవటానికీ, చిన్నమ్మాయి విషయంలో మీరు పడుతున్న భయానికీ మూలం ఒక్కటే, అది ఉప్పు. పసిబిడ్డ నోట్లో పెట్టుకుంటుందని ఉప్పు తగ్గించటం తల్లిగా మీకు తోచవలసిన ఆలోచనే, అందులో తప్పు ఏమీ లేదు. అయితే ఆటపిండిని బూజు నుంచి కాపాడేది ఆ ఉప్పే, పసిబిడ్డకు హాని చేయగలిగేదీ ఆ ఉప్పే. ఒకే ముద్దతో ఇద్దరినీ ఆడించాలని చూసినంతకాలం ఈ చిక్కు తీరదు. అందువల్ల నా మొదటి సలహా ఏమిటంటే, పెద్దవాడికి ఒక పిండి, చిన్నదానికి వేరొక పిండి చేయండి. రెండింటి పాళ్ళూ కింద చెబుతాను.

ముందు మీ పిండికి ఏమైందో చూద్దాం. మైదాలో చన్నీళ్ళు పోసి పిసికినప్పుడు అందులోని మాంసకృత్తులు నీటితో కలిసి సాగే గుణం ఉన్న జిగురుగా మారతాయి, దానినే గ్లూటెన్ అంటారు. గంజి పదార్థం మాత్రం పచ్చిగానే ఉండిపోతుంది కాబట్టి అది నీటిని గట్టిగా పట్టుకోలేదు. అలా వదులుగా మిగిలిన నీరే మీ చేతులకు బంకగా అంటుకున్నది. అదే పిండిని పొయ్యి మీద ఉడికిస్తే, సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దాటాక గంజి రేణువులు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి, ముద్ద దగ్గరపడి నున్నగా అవుతుంది, వేళ్ళకు అంటుకోవటం మానేస్తుంది. ఇక బూజు విషయానికి వస్తే, తడి, పిండి, వెచ్చదనం మూడూ ఉన్నచోట బూజుకు కావలసినవన్నీ ఉన్నట్లే. తగినంత ఉప్పు ఉంటే అది పిండిలోని నీటిని తనవైపు కట్టిపడేసి, సూక్ష్మజీవులకు అందకుండా చేస్తుంది. రెండు చిటికెల ఉప్పు రుచికి సరిపోతుందేమో గాని ఆ పనికి ఏమాత్రం చాలదు. పుల్లని వాసన వచ్చిందంటే బూజు కంటికి కనిపించేలోపే సూక్ష్మజీవులు లోపల తమ పని మొదలుపెట్టాయని అర్థం.

ఉడికించమని నేను పట్టుబట్టటానికి ఇంతకంటే ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. పొడిపిండిని చూస్తే అది శుభ్రమైన వస్తువుగానే అనిపిస్తుంది, కానీ అది పచ్చి పదార్థమే. పొలంలో గింజకు అంటుకున్న ఈ.కోలై, సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులు పిండి ఆడించటంతో చావవు. పచ్చిపిండితో చేసిన ముద్దను పిల్లలకు ఆడుకోవటానికి కూడా ఇవ్వవద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించటానికి కారణం ఇదే. పిండిని ముందుగా మూకుట్లో వేయించి వాడుకోవచ్చు కదా అని కొందరు అడుగుతుంటారు. తడి లేనిచోట ఈ జీవులు వేడిని మరింతగా తట్టుకుంటాయి కాబట్టి ఇంటి పొయ్యి మీద వేయించటాన్ని నమ్ముకోలేము. మరిగే నీళ్ళు పోసి కలిపే పద్ధతి సులువైనదే, అయితే చల్లని పిండి మీద పడగానే ఆ నీటి వేడి తగ్గిపోతుంది గనుక ముద్ద అంతా సమానంగా ఉడికిందని చెప్పలేము. నీటితో కలిపి, గరిటెతో తిప్పుతూ, ముద్ద నడిమి దాకా పొగలు వచ్చేలా ఉడికించటమే నాకు నమ్మకమైన పద్ధతి.

పెద్దవాడి పిండికి పాళ్ళు ఇవి. మైదా 1 కప్పు, అంటే దాదాపు 125 గ్రాములు. మెత్తని ఉప్పు అర కప్పు. నీళ్ళు 1 కప్పు. వంటనూనె 1 పెద్ద చెంచా. క్రీమ్ ఆఫ్ టార్టార్ అనే పుల్లని పొడి 2 చిన్న చెంచాలు, అది దొరకకపోతే 1 పెద్ద చెంచా నిమ్మరసం. పులుపు ఎందుకని మీకు అనిపించవచ్చు. అది ముద్దకు సాగుదలను, మృదుత్వాన్ని ఇస్తుంది, ఉప్పుతో కలిసి బూజును మరికొంత ఆపుతుంది. నూనె పిండిరేణువుల చుట్టూ పొరలా పట్టుకుని ముద్ద త్వరగా ఎండిపోకుండా చూస్తుంది.

ముందు గోరువెచ్చని నీటిలో ఉప్పును బాగా కలియబెట్టండి. చాలామంది ఈ పని దాటవేసి అన్నిటినీ ఒకేసారి కలిపేస్తారు, తర్వాత ముద్ద ఇసుకలా గరగరలాడుతోందని బాధపడతారు. అర కప్పు ఉప్పు ఒక కప్పు నీటిలో పూర్తిగా కరగదు, అడుగున కొంత మిగులుతుంది, దానికి కంగారు పడవద్దు. ఒకే రంగు చాలనుకుంటే ఆ రంగును కూడా ఈ నీటిలోనే కలపండి. తర్వాత పిండి, పులుపు, నూనె వేసి ఉండలు లేకుండా జారుగా కలిపి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో పోసి సన్నని సెగ మీద పెట్టండి. మొదటి రెండు మూడు నిమిషాలు ఏమీ జరగటం లేదనిపిస్తుంది. ఆ తర్వాత అడుగు నుంచి గడ్డలు గడ్డలుగా లేవటం మొదలవుతుంది. సరిగ్గా ఇక్కడే చాలామంది పాడైపోయిందని పొయ్యి ఆపేస్తారు. ఆపకండి, గరిటెతో అడుగంటా గీకుతూ తిప్పుతూనే ఉండండి. గడ్డలన్నీ ఒకటై, ముద్ద గిన్నె అంచులను వదిలి గరిటె చుట్టూ చేరాక, పైన మెరుపు తగ్గాక దించండి. చిటికెడు ముద్దను చెంచాతో తీసి చల్లారనిచ్చి వేళ్ళ మధ్య నలిపినప్పుడు అంటుకోకుండా ఉంటే ఉడికినట్లు, అంటుకుంటే ఇంకో నిమిషం పట్టాలి.

దించగానే పిల్లవాడికి ఇవ్వవద్దు. ఈ ముద్ద పైన చల్లబడినా లోపల చాలాసేపు కాలుతూ ఉంటుంది. పైపైన తాకి చూసి ఇచ్చి, వాడు విరవగానే వేళ్ళు చురుక్కుమనటం నేను చూశాను. ముద్దను రెండుగా చీల్చి, మధ్యభాగాన్ని మీ మణికట్టు లోపలివైపు ఆనించి చూసుకోండి. గోరువెచ్చగా ఉన్నదనుకున్నాకనే ఇవ్వండి. ఆ వెచ్చదనం కూడా ఆటలో భాగమే, చల్లారిన ముద్ద కంటే వెచ్చని ముద్దను పిల్లలు ఎక్కువసేపు వదలకుండా పిసుకుతారు.

ఇంత వివరంగా తయారీని చెప్పటంలో నా ఉద్దేశం ఒకటి ఉంది. ఇరవై ఏళ్ళకు పైగా చిన్నపిల్లల తరగతుల్లో గడిపిన అనుభవంతో చెబుతున్నాను, ఇంట్లో ఆటపిండి చేసుకోవటంలోని అసలు లాభం డబ్బాలోకి చేరిన ముద్దలో కంటే, ఆ ముద్ద తయారయ్యే అరగంటలో ఎక్కువగా ఉంది. మీరు వాడిని పక్క గదిలో కూర్చోబెట్టి, చేసి తెచ్చి ఇచ్చినట్లయితే కొన్నదానికీ దానికీ పెద్ద తేడా ఏమీ ఉండదు. కప్పుతో పిండి కొలవటం, అంచుకు మించి ఉన్నదాన్ని వేలితో గీసి సమం చేయటం, ఉప్పు నీటిలో మాయమవుతుంటే చూడటం, కొంత ఎందుకు మాయం కాలేదని అడగటం, నిమ్మకాయ పిండటం, ఇవన్నీ నాలుగేళ్ళవాడు చేయగల పనులు. పొయ్యి దగ్గర పని మాత్రం పూర్తిగా మీదే. వాడు కాస్త దూరంలో నిలబడి "ఇప్పుడు జారుగా ఉంది, ఇప్పుడు గడ్డ కట్టింది" అని మీకు చెప్పే పని పెట్టుకోవచ్చు. జారుగా, చిక్కగా, గరుకుగా, నున్నగా, జిగటగా, పొడిపొడిగా అనే మాటలు పుస్తకంలో చదివి వచ్చేవి కావు. ఆ గుణం చేతికి తెలుస్తున్న క్షణంలో పక్కనున్నవారి నోట ఆ మాట వినిపిస్తేనే అది వాడి సొంతమవుతుంది. అయితే పొడిపిండి పచ్చిదే కాబట్టి కొలతల పని అయిపోగానే చేతులు, బల్ల సబ్బుతో కడిగించండి, ఆ సమయంలో చిన్నదానిని దగ్గరకు రానివ్వకండి.

ఇప్పుడు చిన్నమ్మాయి సంగతి. పైన చెప్పిన పాళ్ళలో చేసిన ముద్ద బరువులో నాలుగో వంతుకు పైగా ఉప్పే ఉంటుంది. అంటే పెద్ద గోళీ అంత, దాదాపు 10 గ్రాముల ముద్దను మింగితే 3 గ్రాములకు దగ్గరగా ఉప్పు కడుపులోకి పోతుంది. పెద్దవాళ్ళే రోజు మొత్తానికి 5 గ్రాములకు లోపు ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ లెక్కన ఏడాదిన్నర బిడ్డకు ఆ ఒక్క గోళీ ఎంత ఎక్కువో మీకే అర్థమవుతుంది. ఇంట్లో చేసినది, వంటింటి సరుకులతో చేసినది కాబట్టి తిన్నా ఏమీ కాదన్న మాట చాలామంది అంటారు, ఆ మాటను దయచేసి నమ్మకండి. సాధారణంగా పిల్లలు నాలుకకు తగలగానే ఉప్పదనానికి మొహం చిట్లించి ఉమ్మేస్తారు, చిటికెడు మింగినా నీళ్ళు తాగించి గమనిస్తే సరిపోతుంది. అంతకుమించి మింగినట్లు అనుమానం కలిగినా, వాంతులు, విపరీతమైన దాహం, ఎన్నడూ లేని చిరాకు, మగత వంటివి కనిపించినా, ఇంటి చిట్కాలు చూడకుండా, బలవంతంగా వాంతి చేయించకుండా వెంటనే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి. మీ ఇంట్లో కుక్క ఉంటే ఈ జాగ్రత్త దానికి కూడా వర్తిస్తుంది. పిల్లలు రుచి చూసి వదిలేసేదాన్ని కుక్కలు ముద్దలు ముద్దలుగా మింగేస్తాయి, ఆ ఉప్పు వాటి ప్రాణం మీదికి తెస్తుంది.

కాబట్టి ఆమెకు ఉప్పు లేని పిండి చేయండి. అర కప్పు మైదా, అర కప్పు మొక్కజొన్న గంజిపొడి, అంటే కార్న్ ఫ్లోర్, ముప్పావు కప్పు నీళ్ళు, 1 పెద్ద చెంచా నూనె తీసుకుని అదే విధంగా సన్నని సెగ మీద ముద్ద అయ్యేదాకా తిప్పండి, మరీ గట్టిపడితే ఒక్కొక్క చెంచా నీళ్ళు చేర్చండి. రంగు వేయకపోయినా ఆమెకు లోటు ఉండదు. దీనికి బూజును ఆపే శక్తి లేదు గనుక ఆ పూటకు ఆడించి పారేయటమే మంచిది, దాచి పెట్టే ఆలోచన వద్దు. సగం పాళ్ళలో చేసుకుంటే వృథా తగ్గుతుంది. ఇది కూడా తినిపించే వస్తువు కాదు, పొరపాటున నోట్లో పడినా ఉప్పు భయం ఉండదని మాత్రమే నా ఉద్దేశం. పచ్చిపిండి కాకపోయినా మెత్తని ముద్ద గొంతుకు అడ్డం పడగలదు, అందుకే ఆమెకు చిన్న చిన్న ఉండలు కాకుండా గుప్పిటకు మించిన ఒకే పెద్ద ముద్ద ఇవ్వండి, ఆడుతున్నంతసేపూ చేతికందే దూరంలో కూర్చోండి. ముద్దలో గుచ్చటానికి పూసలు, గింజలు, గుండీలు వంటివి ఆమె ఉన్నప్పుడు పెద్దవాడికి కూడా ఇవ్వవద్దు. ఆ వయసులో ఆట అంటే గుచ్చటం, చీల్చటం, అరచేత్తో చరచటం, అంతే. అది చాలు.

ఇద్దరిలో ఎవరికైనా గోధుమ పడకపోయినా, గ్లూటెన్ సరిపడని సీలియాక్ జబ్బు ఉన్నా మైదా ఆటపిండి అసలు వద్దు, ఎందుకంటే చేతికి అంటినది ఎప్పుడో ఒకప్పుడు నోటికి చేరుతుంది. బియ్యప్పిండి, కార్న్ ఫ్లోర్ కలిపి చేసుకోవచ్చు, అది కొంచెం పెళుసుగా ఉంటుంది, మైదాముద్దలా సాగదు. చేతులకు గజ్జి, పగుళ్ళు, గీతలు ఉన్న రోజున ఉప్పుపిండి మంట పుట్టిస్తుంది, ఆ రోజుకు వేరే ఆట చూసుకోండి.

ఇక ఏనుగు దగ్గరకు వస్తాను. మీ ఉత్తరంలో నేను అన్నిటికంటే ఎక్కువసేపు ఆగినది ఆ వాక్యం దగ్గరే. పిల్లవాడికి ఆసక్తి లేకనో, బద్ధకం వల్లనో అలా అడుగుతున్నాడని అనుకోవద్దు. మొదటిరోజు మీరు ప్రేమతో ఒక చక్కని ఏనుగు చేసి ఇచ్చి ఉంటారు. తొండం, చెవులు, తోక అన్నీ కుదిరిన ఆ ఏనుగును చూశాక, తన వేళ్ళతో అది రాదని వాడికి తెలిసిపోయింది. నాలుగేళ్ళ చేతికి ఉండ చేయటం, పామును పాకించటం, అరచేత్తో అణిచి పలక చేయటం వస్తాయి. నాలుగు కాళ్ళ మీద నిలబడే జంతువు రావటానికి ఇంకా సమయం పడుతుంది. అటువంటప్పుడు వాడు చేయగలిగిన ఉండ వాడి కళ్ళకే చిన్నబోతుంది, ముద్ద మీ చేతికి వస్తుంది. మీరు చేసినది నలిపేయటంలో కూడా కోపం ఏమీ లేదు. ఆ బొమ్మలో వాడు చేయగలిగిన పని అదొక్కటే మిగిలింది కదా!

కొన్నాళ్ళపాటు మీరు బొమ్మలు చేయటం పూర్తిగా మానేయండి. పక్కన కూర్చోవటం మాత్రం మానవద్దు, మీ ముద్ద మీరు తీసుకుని, వాడు చేయగలిగిన పనినే మీరూ తీరిగ్గా చేయండి, ఊరికే పిసకండి, పామును పాకించండి, ఆ పామును చుట్టగా చుట్టండి. వాడు ఏనుగు అడిగితే కాదనవద్దు, "ఏనుగులో నీకు ముందు ఏది గుర్తుకొస్తుంది?" అని అడగండి. తొండం అంటాడు. తొండం అంటే పామే కదా, వాడికి అది వచ్చు. ఒక లావు ఉండకు ఒక పాము అంటిస్తే వాడి మటుకు అది ఏనుగే, చెవులు లేవని మీరు గుర్తు చేయనక్కరలేదు. ఏదైనా చేసి చూపించినప్పుడు "ఇది ఏమిటి?" అని అడగటం కూడా తగ్గించండి, ఎందుకంటే చాలాసార్లు అది ఏమీ కాదు, మీరు అడిగారు గనుక ఏదో ఒక పేరు వెతుక్కోవలసి వస్తుంది. "ఎంత పొడుగ్గా వచ్చిందో, తెగకుండా ఎలా పాకించావు?" అన్నారనుకోండి, చేసిన పనిని మీరు చూశారని వాడికి తెలుస్తుంది, ఎలా చేశాడో చెప్పబోతాడు.

అచ్చులు, కత్తిరించే సాధనాలు మొదటి రెండు మూడు రోజులు బయటకు తీయవద్దని నా అభిప్రాయం. అచ్చు చేతికి రాగానే పిల్లలు పని దానికి అప్పగించి, నొక్కటం, తీయటం వద్దే ఆగిపోతారు. చేతులతో విసుగు పుట్టాక ఒక్కొక్కటిగా ఇవ్వండి. కొనవలసినవి ఏమీ లేవు, ముళ్ళ చెంచా, పాత దువ్వెన, సీసా మూత, ఈనెలు తేలిన ఆకు, చిన్న కర్ర చాలు. వీటన్నిటిలో నేను ముందు ఇచ్చేది మొద్దు కొనల కత్తెర. కాగితాన్ని ఒక చేత్తో నిలబెట్టి రెండో చేత్తో కత్తిరించటం ఈ వయసులో కష్టం, లావుపాటి పిండిపాము మాత్రం వంగిపోకుండా నిలబడి కత్తెరకు లొంగుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిటికెడు తీసి ఉండలు చేయటం, ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో లాగటం వంటివి రేపు పెన్సిలు పట్టుకోవలసిన, గుండీలు పెట్టుకోవలసిన చేతికి బలాన్ని ఇస్తాయి. అలాగని అక్షరాలు చేయించటానికి, లెక్కలు అప్పజెప్పించటానికి కూర్చోవద్దు, పరీక్ష వాసన తగిలిందంటే ముద్ద మళ్ళీ మీ చేతికే వస్తుంది.

ఒక్క సరదా మాత్రం చేసి చూడండి. సమానమైన రెండు ఉండలు చేసి, రెండూ సమానమేనని వాడి చేతనే ఒప్పించి, వాడి ఎదుటే ఒకదాన్ని పొడుగాటి పాముగా పాకించి, దేనిలో పిండి ఎక్కువ ఉన్నదో అడగండి. పాములోనే ఎక్కువని చెప్పే అవకాశమే ఎక్కువ. స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ పియాజే ఇటువంటి బంకమట్టి ఉండలతోనే పిల్లల ఆలోచనను పరిశీలించాడు. ఆకారం మారినా పరిమాణం మారదన్న ఎరుక సాధారణంగా ఏడేళ్ళ ప్రాంతంలో గాని స్థిరపడదు. వాడు తప్పు చెప్పాడని దిద్దవద్దు, "ఎలా తెలిసింది?" అని అడిగి ఊరుకోండి. మళ్ళీ ఉండ చేసి చూసుకోవాలని వాడికే అనిపిస్తే ఇంకా మంచిది.

రంగుల గురించి మీరు అంతగా బాధపడవలసిన పని లేదు. రెండు రంగులు కలిసి మూడోది పుట్టటాన్ని ఆపాలంటే ఆటనే ఆపాలి. ఎరుపు, పసుపు, నీలం మూడూ ఒకేసారి ఇస్తే చివరికి మిగిలేది మట్టిరంగే, కాబట్టి ఒక రోజుకు రెండే ఇవ్వండి. పసుపుతో నీలం ఇస్తే ఎంత కలిపినా ఆకుపచ్చే వస్తుంది, ఎరుపుతో పసుపు ఇస్తే నారింజ వస్తుంది. చారలు చారలుగా కలుస్తున్న దశలో వాడి ముఖం చూడండి, ఆ ముద్దను దాచుకోవాలనే కోరిక మీకే పోతుంది. రంగు వేయని తెల్లముద్ద ఒకటి ఎప్పుడూ పక్కన ఉంచితే మంచిది. బీట్‌రూట్ రసం వంటి వాటితో రంగు వేయాలనుకుంటే తప్పక వేయండి, అయితే ఆ రంగులు కొన్నాళ్ళకు వెలిసిపోతాయి, రసంలోని చక్కెర వల్ల ముద్ద నిలవ కూడా తగ్గుతుంది.

ఉప్పు వేసి ఉడికించిన పిండి పూర్తిగా చల్లారాకనే మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టండి. వెచ్చగా ఉండగా పెడితే ఆవిరి మూతకు నీరుగా పట్టి ముద్ద మీద కారుతుంది, బూజు అక్కడే మొదలవుతుంది. ఆటకు ముందు, తర్వాత చేతులు కడిగించగలిగితే కొన్ని వారాలు నిశ్చింతగా వాడుకోవచ్చు. ఎండినట్లనిపిస్తే వేళ్ళు తడి చేసుకుని పిసకండి, నీళ్ళు పోయవద్దు. జిగటగా మారితే మళ్ళీ రెండు నిమిషాలు గిన్నెలో వేసి సెగ మీద తిప్పండి, పొడిపిండి చల్లితే అది పచ్చిగానే ఉండిపోతుంది. పైన తెల్లగా, గరుకుగా పలుకులు కనిపిస్తే అది ఉప్పు బయటపడటమే, తడిచేత్తో పిసికితే కలిసిపోతుంది. నూగులాంటి మచ్చ, నలుపు, పచ్చదనం, వాసన వీటిలో ఏది కనిపించినా ఆ భాగం మాత్రమే తీసేసి మిగతాది ఉంచుకోవాలని చూడవద్దు, మొత్తం పారేయండి.

కొన్నదే ఇస్తే పోదా అని అడిగారు. ఇవ్వండి, అందులో దోషం ఏమీ లేదు. ఒంట్లో బాగాలేని రోజున, తీరిక లేని వారంలో డబ్బా మూత తీసి ఇవ్వటం తల్లి శ్రద్ధకు తక్కువ కాదు. మంచి తయారీదారుల ఆటపిండి కూడా ప్రధానంగా గోధుమపిండి, నీరు, ఉప్పుల కలయికే. అందువల్ల గోధుమ పడని పిల్లల జాగ్రత్త, నోట్లో పెట్టుకోకూడదన్న జాగ్రత్త దానికీ ఉన్నాయి. రెండు వారాలకు ఒకసారి వాడితో కలిసి చేసుకుని, మిగతా రోజుల్లో ఆ డబ్బాతోనే నడిపించుకోవటం మీకు సరిపోతుందని నాకు అనిపిస్తుంది.

చివరిది నేల, జుట్టు. ఆటకు ఒక పెద్ద పళ్ళెం గాని, పాత దుప్పటి గాని హద్దుగా పెట్టండి. తివాచీకి అంటినదాన్ని తడిగా ఉండగా రుద్దితే పోగుల్లోకి దిగిపోతుంది, ఎండనిచ్చి విరిచి దులిపితే చాలావరకు వచ్చేస్తుంది. జుట్టుకు అంటితే కాస్త నూనె రాసి దువ్వెనతో మెల్లగా లాగండి. ముద్దలను తొట్టిలో కడిగేయవద్దు, ఆ జిగురు గొట్టంలో పట్టుకుంటుంది. నేల మీద రాలిన పలుకుల మీదికి మాత్రం చీపురు తీయకండి, పెద్దవాడి చేతికి మిగిలిన ముద్దను ఇచ్చి వాటి మీద అద్దమనండి, ఒక్కొక్క అద్దుకు నాలుగైదు పలుకులు లేచి వస్తాయి. అమెరికాలోని సిన్సినాటి నగరంలో ప్లే-డో అనే పేరుతో అమ్మే ఆటపిండి పుట్టింది కూడా ఇటువంటి పని కోసమే. 1930ల నాటికి అది గోడకాగితాల మీద పేరుకున్న బొగ్గు మసిని అద్ది తీసే పిండిముద్ద. ఇళ్ళలో బొగ్గు పొయ్యిలు తగ్గి, కడగటానికి వీలయ్యే గోడకాగితాలు వచ్చాక దానికి గిరాకీ పడిపోయింది. కే జుఫాల్ అనే నర్సరీ బడి ఉపాధ్యాయిని ఆ ముద్దను తన పిల్లల చేతికి ఇచ్చి చూశాక, 1956లో అది ఆటవస్తువుగా బయటకు వచ్చింది. ఈ కథ వాడికి చెప్పి, "ఇప్పుడు మనం మసి తీసే పని చేద్దాం" అనండి. ఆ అద్దిన ముద్దలో దుమ్ము చేరుతుంది కాబట్టి దాన్ని డబ్బాలోని మంచిపిండితో కలపకుండా, పని అవగానే చెత్తబుట్టలో వేయించండి.